ఊరి కథ సరే, ఎడిటింగ్ ఎవరి చేతిలో?

క్లుప్తంగా

ఊళ్ళలో ఉండేవాళ్ళకి ఆడియో, వీడియో పని నేర్పి వాళ్ళ కథలు వాళ్ళే చెప్పుకునేలా చేసే కార్యక్రమాలు మన దేశంలో పాతికేళ్ళకి పైగా నడుస్తున్నాయి. వీటిలో కెమెరా వాడకం నేర్పడం తేలికైన భాగం. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ముందు ఎవరికి చూపించాలి, తీసింది ఎవరి దగ్గర భద్రంగా ఉండాలి అనే నిర్ణయాలు ఎవరివన్నదాన్ని బట్టి ఫలితం మారింది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్, కెనడాలోని ఫోగో దీవి, ఛత్తీస్‌గఢ్‌లోని సీజీనెట్ స్వర అనే ఫోన్ వేదిక అనుభవాల్లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. లైసెన్సు నిబంధనలు, యూట్యూబ్ ఆదాయం లెక్కలు ఈ నిర్ణయాల్ని ఎటు లాగుతున్నాయన్నది కూడా ఇక్కడ చూద్దాం.

ఫోన్ అందరి దగ్గరా ఉంటే ఇంకా నేర్పేదేముంది?

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఊళ్ళో వీడియో తీయడం పెద్ద విషయం కాకుండా పోయింది. పెళ్ళి ఊరేగింపు, బోనాలు, గొర్రెల సంత, ఎండిన చెరువు, అన్నీ ఫోన్‌లోకి ఎక్కుతున్నాయి. పదో తరగతి కుర్రాడు బస్సు వచ్చేలోపు రీల్ కట్ చేసి, పాట తగిలించి, అప్‌లోడ్ కూడా చేసేస్తున్నాడు. అలాంటప్పుడు ఏ స్వచ్ఛంద సంస్థో, విశ్వవిద్యాలయమో, సర్కారు శాఖో వచ్చి 'డిజిటల్ మీడియాలో శిక్షణ ఇస్తాం, మీ ఊరి కథలు మీరే చెప్పండి' అంటే, కొత్తగా నేర్పేదేముంది అని ఎవరైనా అడుగుతారు.

ఈ అయోమయం ఊరికే రాలేదు, మూడు వేర్వేరు పనులు ఒకే పేరుతో తిరుగుతున్నాయి. ఫోన్‌తో బాగా తీయడం, ఎడిట్ చేయడం నేర్పితే అది చేతిపని శిక్షణ, కుట్టుమిషన్ శిక్షణ లాంటిదే, దానికి ఉండే విలువ దానికి ఉంది. బయట తయారైన సందేశాన్ని ఊరి మనిషి చేత, ఊరి యాసలో చెప్పిస్తే అది ప్రచారం. టీకా గురించో పురుగుమందు గురించో మంచి మాటే కావచ్చు, కాకపోతే ఆ కథ ఊళ్ళో పుట్టింది కాదు. మూడోది వేరే సంగతి. ఏ కథ చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎవరికి చెప్పాలి అనే నిర్ణయమే ఊరివాళ్ళ చేతికి వెళ్ళడం. కరపత్రాల్లో మూడూ ఒకేలా ఉంటాయి, ఫోటోలు కూడా అంతే, చీర కట్టుకుని భుజం మీద కెమెరా పెట్టుకున్న మహిళ. తేడా తెలియాలంటే ఎడిటింగ్ జరిగే గదిలోకి వెళ్ళి మౌస్ ఎవరి చేతిలో ఉందో, పక్కన కూర్చుని 'ఇది తీసెయ్' అంటున్నది ఎవరో చూడాలి.

పస్తాపూర్‌లో కెమెరా ఎత్తు

మూడో రకానికి తెలుగు నేల మీదే మంచి ఉదాహరణ ఉంది. ఇప్పటి సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. వానాధారపు సేద్యం, జొన్న, సజ్జ, కొర్ర, సామ పండే నేలలు, ఊరూరా మహిళా సంఘాలు. సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, కొద్దిపాటి భూమి ఉన్నవాళ్ళు. ఈ సంస్థని ముందుండి నడిపిన పి.వి. సతీశ్ (2023 మార్చిలో చనిపోయారు) అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. 1975-76లో ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకి టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో పనిచేసిన మనిషి. ఆ ప్రయోగంలో ఊళ్ళు కూర్చుని చూసేవి, మాట్లాడేవాళ్ళు స్టూడియోలో ఉండేవాళ్ళు. పస్తాపూర్‌లో దీన్ని తిరగేశారు.

1990ల చివర్లో సంఘాల్లోని కొందరు మహిళలకి వీడియో పని నేర్పడం మొదలైంది, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. నేర్చుకున్నవాళ్ళలో చదవడం రాయడం రానివాళ్ళు చాలామంది. అది అనుకున్నంత అడ్డంకి కాలేదు. అక్షరాలు రాకపోతే బటన్ ఎక్కడుందో, ఏ ఆకారంలో ఉందో గుర్తుంచుకుంటే సరిపోతుంది, కలుపు మొక్కకీ పైరు మొక్కకీ ఆకు చూసి తేడా చెప్పగలిగిన కంటికి ఫోకస్ దొరికించుకోవడం పెద్ద పనేం కాదు.

అసలు విషయం వాళ్ళు షాట్లకి పెట్టుకున్న పేర్లలో ఉంది. సినిమా పాఠాల్లో 'లో యాంగిల్', 'హై యాంగిల్', 'ఐ లెవెల్' అని మూడుంటాయి. ఈ మహిళలు వాటిని తమ అనుభవంలోంచి పిలుచుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే పటేల్ అరుగు మీద నిలబడి కింద ఉన్నవాళ్ళని అలాగే చూస్తాడు. కిందనుంచి పైకి చూసేది బానిస షాట్, దొర ముందు నేల మీద కూర్చున్న కూలి మనిషి చూపు అది. కళ్ళకి కళ్ళు సమానంగా ఉండేది సంఘం షాట్, సంఘంలో అందరూ చాప మీద గుండ్రంగా కూర్చుంటారు కాబట్టి. సాధారణంగా సంఘం షాట్‌లోనే తీయాలన్నది వాళ్ళ పద్ధతి. పొలంలో కూర్చుని కలుపు తీస్తున్న మనిషితో మాట్లాడాలంటే తీసేవాళ్ళు కూడా కూర్చోవాల్సిందే. ట్రైపాడ్ ఎత్తు గురించిన చిన్న సాంకేతిక విషయంలా కనిపిస్తుంది, నిజానికి ఎవరు ఎవర్ని ఎలా చూడాలన్న ప్రశ్న అది. దీన్ని ఏ మాన్యువల్ నుంచీ తెచ్చుకోలేదు, కూలికి వెళ్ళినప్పుడు ఎక్కడ కూర్చోబెట్టారో గుర్తున్నవాళ్ళకే ఇలాంటి పేరు తడుతుంది.

రెండో తేడా సమయం. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఈ బృందం వరంగల్ ప్రాంత రైతుల దగ్గరికి పదే పదే వెళ్ళి, విత్తనం వేసినప్పటి నుంచి పత్తి ఏరే దాకా చిత్రీకరించింది. జిల్లా విలేకరి ఒకసారి వెళ్తాడు, అదీ ఏదో జరిగిపోయాక. సీజను పొడుగునా వెళ్ళేవాళ్ళకి జూన్‌లో రైతు ఏం ఆశపడ్డాడో, డిసెంబరులో ఏమంటున్నాడో రెండూ దొరుకుతాయి, ఆ రెంటి మధ్య తేడాయే కథ అవుతుంది. అయితే ఒకటి మర్చిపోకూడదు. ఈ సంస్థ బీటీ పంటలకి బహిరంగంగా వ్యతిరేకం, కాబట్టి ఆ చిత్రాలకి కూడా ఒక పక్షం ఉంది. స్థానికుల చేతిలో కెమెరా ఉన్నంత మాత్రాన చూపు తటస్థంగా ఉంటుందని అనుకోవడం అమాయకత్వమే అవుతుంది, ఎవరి వైపు నుంచి చూస్తున్నారో చూసేవాళ్ళకి తెలిసేలా ఉంటే చాలు.

ఫోగో దీవి: ముందు ఎవరికి చూపించాలి

ఈ పద్ధతికి తాతలాంటి ప్రయోగం 1967లో కెనడాలో జరిగింది. న్యూఫౌండ్‌లాండ్ పక్కన ఫోగో అనే దీవి, చేపల వేట మీద బతికే పది చిన్న ఊళ్ళు, సుమారు 5,000 మంది జనం. వేట దెబ్బతింది, జనాన్ని దీవి ఖాళీ చేయించి వేరే చోటికి తరలించాలని ప్రభుత్వం ఆలోచిస్తోంది. కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు నుంచి కాలిన్ లో అనే దర్శకుడు, అక్కడి మెమోరియల్ విశ్వవిద్యాలయం మనుషులు కలిసి 27 దాకా చిన్న చిత్రాలు తీశారు. కెమెరా ఇంకా నిపుణుల చేతిలోనే ఉంది, అంటే ఇప్పటి అర్థంలో శిక్షణ కాదు. కానీ ఎడిటింగ్ విషయంలో అక్కడ తీసుకున్న రెండు నిర్ణయాలు ఇప్పటికీ శిక్షకులందరూ వాడుకుంటున్నారు.

మొదటిది, తీసినదాన్ని ముందుగా తీయించుకున్న వాళ్ళకే చూపించడం. నచ్చని భాగం ఉంటే తీసేయించుకునే హక్కు వాళ్ళకి ఉంది. వాళ్ళు సరే అన్నాకే పక్క ఊరికి, ఆ తర్వాత దీవి అంతటికీ, చివరికి ప్రభుత్వం దాకా. మత్స్యశాఖ మంత్రి చూసి ఇచ్చిన జవాబుని కూడా చిత్రీకరించి తెచ్చి దీవిలో వేశారు. మాట వెళ్ళడమే కాదు, తిరిగి రావడం కూడా జరిగింది. పది ఊళ్ళవాళ్ళు అప్పటిదాకా ఒకళ్ళనొకళ్ళు పెద్దగా నమ్మేవాళ్ళు కాదు. మన కష్టమే వాళ్ళకీ ఉందని తెర మీద చూసుకున్నాక మాట కలిసింది.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. ఒక సమస్య తీసుకుని, దాని మీద పదిమంది మాటలు ముక్కలు ముక్కలుగా కోసి అతికించే పద్ధతిని కాలిన్ లో పక్కన పెట్టాడు. అలా చేస్తే ఒకరి మాటని ఇంకొకరి మాట ఖండించినట్టు అవుతుంది, చిత్రం అయిపోయాక ఆ ఇద్దరూ మళ్ళీ ఒకే రేవులో పడవలు కట్టుకోవాలి. అందుకని ఒక మనిషి మీదో ఒక సందర్భం మీదో ఒక చిత్రం చొప్పున తీశాడు. మన టీవీ చర్చల ఎడిటింగ్‌కి ఇది సరిగ్గా ఎదురు. ఊరి కథలు తీసేవాళ్ళకి ఈ పాఠం కెమెరా పాఠాలన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే బయటి జర్నలిస్టు తీసి వెళ్ళిపోతాడు, వీళ్ళు రేపు పొద్దున అదే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకోవాలి.

దీవి ఖాళీ కాలేదు. మత్స్యకారులు సహకార సంఘం పెట్టుకున్నారు, అది నిలబడింది. ఆ ఘనత అంతా సినిమాలదే అని చెప్పుకోవడం చాలా కాలం నడిచింది. అయితే సహకార సంఘం ఆలోచన అంతకుముందే దీవిలో ఉంది, ఊరూరా సమావేశాలు పెట్టిన కార్యకర్తల శ్రమ ఉంది. చిత్రాలు ఆ పనికి వేగం ఇచ్చాయి అనడం న్యాయంగా ఉంటుంది. ఏ సంఘమూ లేనిచోట వీడియోలు మాత్రమే తెచ్చి పెడితే ఫోగో మళ్ళీ జరగదు, పస్తాపూర్‌లో కూడా సంఘాలు పుట్టిన పదిహేనేళ్ళకి గానీ కెమెరా రాలేదు.

ఓర్వకల్లులో ఆపేశారు, మాచ్‌నూరులో పదేళ్ళు ఆగారు

శిక్షణ అయ్యాక ఎక్కడ వినిపించాలన్నది ఇంకో చిక్కు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో చెప్పింది. చెప్పాక కూడా రేడియో లైసెన్సు సామాన్యులకి అందలేదు. 2002లో విద్యాసంస్థలకి మాత్రమే అనుమతిచ్చారు, స్వచ్ఛంద సంస్థలకి తలుపు తెరిచింది 2006 చివర్లో.

ఈ మధ్యకాలంలో జరిగిన కథ తెలుగువాళ్ళు పెద్దగా గుర్తుపెట్టుకోలేదు. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు చిన్న ట్రాన్స్‌మిటర్‌తో 'మన రేడియో' అని మొదలుపెట్టారు. ఊరు దాటితే వినపడనంత చిన్నది. అయినా కొద్ది నెలలకే లైసెన్సు లేదని అధికారులు ఆపించేశారు. మెదక్ వైపు మాచ్‌నూరులో పస్తాపూర్ సంస్థకే యునెస్కో సాయంతో స్టూడియో 1990ల చివర్లోనే సిద్ధమైనా, లైసెన్సు లేక ప్రసారం లేదు. మహిళలు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్ల మీద సంఘాల సమావేశాల్లో వినిపిస్తూ వచ్చారు. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో గాల్లోకి వచ్చింది. ప్రారంభించింది ఎవరంటే, 1995 తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు యువతులు నడిపే స్టేషన్‌గా అది దేశమంతా తెలిసింది. రోజూ సాయంత్రం రెండు గంటలు, తెలుగులో ఉర్దూ, కన్నడం కలిసిన ఆ సరిహద్దు మాటలోనే.

లైసెన్సు కోసం ఆగిన పదేళ్ళు నష్టమే. కాకపోతే ఆ పదేళ్ళలో అనుకోని లాభం ఒకటి ఉంది. క్యాసెట్ పెట్టి, వింటున్నవాళ్ళ ఎదుటే కూర్చుని, ఎక్కడ నవ్వారో, ఎక్కడ లేచి వెళ్ళారో చూసే అవకాశం ఏ రేడియో స్టేషన్‌కీ ఉండదు.

ఇక నిబంధనల్లోని వింత చూడండి. కమ్యూనిటీ రేడియో (స్థానికుల కోసం స్థానిక సంస్థ నడిపే చిన్న స్టేషన్) కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల పాల్గొనడంతో తయారవ్వాలి, అది మంచిదే. కానీ సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు. ఊళ్ళో రేషన్ షాపు మూతపడిందన్న మాట మైకులో చెప్పడం చిక్కు, అదే మనిషి అదే మాటని గుమ్మం బయటికొచ్చి ఫోన్‌లో లైవ్ పెడితే లక్షమంది చూడొచ్చు, ఏ ప్రసార లైసెన్సూ అక్కర్లేదు. పది ఇరవై కిలోమీటర్లు వినపడేదానికి గట్టి కాపలా, ప్రపంచమంతా కనపడేదానికి అది లేదు. శిక్షణ కార్యక్రమాలు రేడియో నుంచి యూట్యూబ్ వైపు జరిగిపోవడానికి డబ్బుతో పాటు ఇదీ ఒక కారణం.

మూడు రోజుల్లో ఏమవుతుంది

ఇప్పుడు 'డిజిటల్ స్టోరీటెల్లింగ్ వర్క్‌షాప్' పేరుతో ఎక్కువగా జరుగుతున్నది ఇంకో వంశానికి చెందినది. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలై తర్వాత బర్క్‌లీకి మారిన సంస్థ, ఇప్పటి పేరు స్టోరీసెంటర్, జో లాంబర్ట్ దాని స్థాపకుల్లో ఒకరు. పద్ధతి ఇలా ఉంటుంది. పదిమంది గుండ్రంగా కూర్చుని తమ జీవితంలోంచి ఒక సంఘటన చెబుతారు, మిగతావాళ్ళు వింటారు. దాన్ని 250-375 మాటల్లో రాసుకుని, సొంత గొంతుతో రికార్డు చేసి, ఇంట్లో ఉన్న పాత ఫోటోలు కలిపి రెండు మూడు నిమిషాల వీడియో చేస్తారు. మూడు రోజుల్లో పని పూర్తి. 2001 నుంచి 2008 దాకా వేల్స్‌లో బీబీసీ ఇదే నమూనాతో ఊరూరా తిరిగి చేయించింది.

మాటల సంఖ్య మీద గట్టి పరిమితి ఉండటమే దీని బలం. రెండు నిమిషాలే ఉంటే మనిషి సలహాలివ్వడం ఆపేసి సంఘటన చెబుతాడు. బలహీనత కూడా అక్కడే. ఇది ఒక్క మనిషి కథ, 'నేను' కథ. ఊరి కథలో పదిమంది ఉంటారు, చెరువు కట్ట తెగితే అది నా కథ కాదు, కింద పొలాలున్న అందరి కథ, కట్ట మీద మట్టి తవ్వుకున్నవాడి కథ కూడా. పదేళ్ళు పట్టే పస్తాపూర్ పద్ధతీ, మూడు రోజుల బర్క్‌లీ పద్ధతీ ఒకే పేరుతో గ్రాంటు దరఖాస్తుల్లో కనపడుతున్నాయి, డబ్బిచ్చేవాళ్ళు మామూలుగా రెండోదానికే మొగ్గుతారు, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు లెక్క తేలుతుంది కదా.

బొమ్మ లేకుండా, గొంతుతోనే

నెట్ లేని చోట ఏంటి? 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర దీనికి వచ్చిన జవాబుల్లో ఒకటి. బీబీసీలో పనిచేసి వచ్చిన శుభ్రాంశు చౌధరి దాన్ని స్థాపించారు. మామూలు బటన్ ఫోన్ నుంచి ఒక నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వస్తుంది. ఒక అంకె నొక్కితే మీ మాట రికార్డు అవుతుంది, ఇంకో అంకె నొక్కితే మిగతావాళ్ళ మాటలు వినొచ్చు. మోడరేటర్లు విని, అవసరమైతే తిరిగి ఫోన్ చేసి సరిచూసుకుని, ఆ తర్వాతే విడుదల చేస్తారు. హాస్టల్లో అన్నం సరిగా పెట్టడం లేదన్న మాట అయితే దానితో పాటు సంబంధిత అధికారి ఫోన్ నంబరు కూడా చెబుతారు, విన్నవాళ్ళు ఆ అధికారికి ఫోన్లు చేస్తారు.

ఇక్కడ శిక్షణ అంటే ఒకటిన్నర నిమిషంలో ఊరు, పేరు, సమస్య, ఎవరికి చెప్పారు, ఏమైంది అన్నవి వరసగా చెప్పడం నేర్పడమే. చిన్నదిగా కనపడుతుంది. కానీ 2011 జనాభా లెక్కల్లో 29 లక్షల మందికి పైగా మాట్లాడేవాళ్ళున్న గోండీకి దినపత్రిక లేదు, టీవీ చానెల్ లేదు, రాజ్యాంగం 8వ షెడ్యూలులో చోటు లేదు. ఆదిలాబాద్ నుంచి బస్తర్ దాకా ఆ భాషలో మాట్లాడేవాళ్ళకి మొదటిసారి తమ మాటకి జవాబు వచ్చే దారి ఇది.

దీనిలోనూ ఎడిటింగ్ ప్రశ్న ఉంది, దాని పేరు మారిందంతే. ఏ కాల్ విడుదలవుతుంది, ఏది ఆగిపోతుంది అన్నది మోడరేటర్ చేతిలో ఉంది, మోడరేటర్‌కి ఆ భాష వచ్చా రాదా అన్నదే అక్కడ అసలు సంగతి. పైగా తిరిగి చేసే ప్రతి కాల్ ఖర్చూ నిర్వాహకులదే, కాబట్టి వినేవాళ్ళు పెరిగినకొద్దీ బిల్లు పెరుగుతుంది, ఆదాయం పెరగదు.

లెక్క ఎటు లాగుతుంది

ఆదాయం మాట వచ్చింది కాబట్టి యూట్యూబ్ లెక్క చూద్దాం. ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి (షార్ట్స్ అయితే 90 రోజుల్లో కోటి వ్యూస్). ఒక ఊళ్ళో 500 ఫోన్లున్నాయి, అందరూ ఆరు నిమిషాల వీడియోని మొదటినుంచి చివరిదాకా చూశారనుకుందాం. మొత్తం 50 గంటలు. ఊరు మొత్తం ఒక్కటి కూడా వదలకుండా 80 వీడియోలు చూస్తే 4,000 గంటలు అవుతాయి, అప్పటికీ సబ్‌స్క్రైబర్లు 500 మందే. అంటే ఊరివాళ్ళ కోసం ఊరి విషయాలు చెప్పే చానెల్‌కి ఆ లెక్కలో చోటు లేదు. బయటివాళ్ళు చూడాలి, బయటివాళ్ళు చూడాలంటే కథ బయటివాళ్ళకి నచ్చేలా వంగాలి.

అలా వంగడం అన్నిసార్లూ చెడ్డది కాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన 'మై విలేజ్ షో' ఊరి యాసని, ఊరి హాస్యాన్ని తెలుగువాళ్ళున్న ప్రతిచోటికీ చేర్చింది, చదువు రాని గంగవ్వని ఇంటింటికీ తెలిసిన నటిని చేసింది. తెలంగాణ పల్లె మాట అంటే సినిమాల్లో ఎగతాళికి పనికొచ్చే మాట అనే రోజులు పోవడంలో దాని వాటా తక్కువేం కాదు. కానీ దాని ప్రేక్షకుడు దుబాయ్‌లోనో హైదరాబాద్‌లోనో కూర్చుని ఊరిని తలచుకునే మనిషి. ఊరి పంచాయతీ బడ్జెట్ మీద వీడియో ఆ మనిషికి అక్కర్లేదు.

రేడియో వైపు లెక్క ఇంకోలా ఉంది. 2024 ఫిబ్రవరిలో కమ్యూనిటీ రేడియోల ప్రకటనల సమయాన్ని గంటకి 7 నుంచి 12 నిమిషాలకి, పది సెకన్ల రేటుని 52 నుంచి 74 రూపాయలకి పెంచారు. గంటలో ఉన్న 72 ముక్కలూ నిండితే 5,328 రూపాయలు. నిండితే అన్న మాట దగ్గరే ఆగాలి, చిన్న ఊళ్ళో ప్రకటన ఇచ్చే దుకాణాలు ఎన్నుంటాయి?

వీడియోతో ఫలితాన్ని కొలిచి చూపించింది డిజిటల్ గ్రీన్. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో ప్రాజెక్టుగా మొదలై, తర్వాత ఆంధ్రతో సహా చాలా రాష్ట్రాలకి వచ్చింది. రైతులు తీసిన వీడియోలు రైతుల గుంపులకి చిన్న ప్రొజెక్టర్ మీద చూపించి, మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలడిగే పద్ధతి. చూసేవాళ్ళు ముందు అడిగేది పంట గురించి కాదట, తెర మీద ఉన్న రైతు పేరేంటి, ఏ ఊరు అని. పక్క ఊరివాడైతే నమ్మకం వేరు. కర్ణాటకలోని కొన్ని గ్రామాల్లో చేసిన తొలి అధ్యయనంలో, పెట్టిన ఖర్చుతో పోలిస్తే మామూలు విస్తరణ సేవల (రైతులకి కొత్త పద్ధతులు చేరవేసే పని) కంటే ఇది 10 రెట్లు ఫలితమిచ్చిందని తేల్చారు (తేల్చింది ప్రాజెక్టు మనుషులే అన్నది గుర్తుంచుకోవాలి). ఇది బాగా పనిచేసే నమూనా. కానీ ఏ పద్ధతి నేర్పాలన్నది వ్యవసాయ నిపుణులు నిర్ణయిస్తారు, గిట్టుబాటు ధర రాలేదన్న వీడియోకి అందులో జాగా ఉండదు. ముందు చెప్పుకున్న మూడు రకాల్లో ఇది రెండోది, దాన్ని మూడోది అని పిలిస్తేనే ఇబ్బంది.

2003లో మొదలై, గోవా కేంద్రంగా పనిచేసే వీడియో వాలంటీర్స్ సంస్థ మధ్య దారి పట్టుకుంది. జిల్లాల్లో ఉండే ప్రతినిధులకి వీడియోకి ఇంత అని డబ్బిచ్చి, ఆ వీడియో చూపించి అధికారుల చేత సమస్య తీర్పించగలిగితే దానికి విడిగా ఇస్తారు. కథ మీద పట్టు ఊరి మనిషిదే, కాకపోతే తేలిగ్గా తీరే సమస్యల వైపు, అంటే బోరింగు, పింఛను, కరెంటు స్తంభం వైపు మొగ్గు పెరుగుతుంది. కులం, భూమి లాంటివి ఆరు నెలల్లో తీరవు కదా.

కథ చెప్పేవాళ్ళ కథ ఎవరు చెబుతారు

బుందేల్‌ఖండ్‌లో 2002లో మొదలై, దళిత మహిళలు ముందుండి నడిపిన ఖబర్ లహరియా పత్రిక, తర్వాత మొత్తంగా వీడియోకి మారింది. వాళ్ళ మీద ఢిల్లీ దర్శకులు తీసిన డాక్యుమెంటరీ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. సరిగ్గా అవార్డుల ముందు ఖబర్ లహరియా ఒక ప్రకటన ఇచ్చింది, తమని ఒకే పార్టీ మీద దృష్టి పెట్టినట్టు చూపించారనీ, అది తమ పూర్తి కథ కాదనీ. ఇరవై ఏళ్ళుగా ఊరి కథలు చెబుతున్నవాళ్ళకే తమ కథ ఎడిటింగ్ మీద చేయి లేకుండా పోయింది. ఫోగోలో 1967లో పాటించిన 'ముందు వాళ్ళకి చూపించు' అన్నది ఎంత తేలిగ్గా జారిపోతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

అనుమతి విషయంలో ఊరి శిక్షణకి ప్రత్యేకమైన చిక్కు ఉంది. బయటివాడికి 'వద్దు' అనడం తేలిక, వదినకి అనలేం. కెమెరా పట్టుకున్నది మన పిల్లే కదా అని సరే అంటారు, తర్వాత ఆ ముక్క వాట్సాప్‌లో పుట్టింటి ఊరు చేరాక గొడవవుతుంది. అందుకే మంచి శిక్షణల్లో అనుమతిని రెండుసార్లు అడగడం నేర్పుతారు, తీసేముందు ఒకసారి, ఎడిట్ చేసింది చూపించాక మరోసారి. చట్టం గీసిన గీతలు కొన్ని ఎలాగూ ఉన్నాయి. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం, పిల్లలైతే పోక్సో సెక్షన్ 23, జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74. మొహం మసక చేసి, ఇంటి ముందు వేపచెట్టుని అలాగే వదిలేస్తే ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. పట్నం ఎడిటర్‌కి ఆ చెట్టు సంగతి తెలియదు, ఊరి ఎడిటర్‌కి తెలుసు, స్థానికులే ఎడిట్ చేయాలనడానికి ఇంతకంటే సూటి కారణం దొరకదు.

తీసింది ఎక్కడ ఉంటుంది

రాబోయే రెండు మూడేళ్ళలో ఈ శిక్షణల్లోని చేతిపని భాగం దాదాపు మాయమవుతుంది. కోతలు, క్యాప్షన్లు, వెనకాల సంగీతం యాప్‌లే చేసేస్తున్నాయి. దాంతో ఒక నష్టం పొంచి ఉంది. ఆటోమేటిక్ క్యాప్షన్లు పత్రిక తెలుగుకి దగ్గరగా ఉన్న మాటని బాగా పట్టుకుంటాయి, జహీరాబాద్ మాటనో ఉత్తరాంధ్ర మాటనో చూసి తడబడతాయి. తప్పులొస్తున్నాయని విసుగొచ్చి మాట్లాడేవాళ్ళే మెల్లగా 'టీవీ తెలుగు'కి మారిపోయే ప్రమాదం ఉంది, యాస కోసమే మొదలైన పని యాసని తినేస్తుంది. ఇంకోవైపు, కృత్రిమంగా తయారైన ఊళ్ళు, గొంతులు ఫోన్లలో నిండేకొద్దీ, 'ఈమె మాకు తెలుసు, ఫలానా వీధిలో ఉంటుంది' అని చెప్పగలిగే వీడియోకి విలువ పెరగొచ్చు. డిజిటల్ గ్రీన్ రైతులు అడిగిన 'ఏ ఊరు?' అన్న ప్రశ్న మళ్ళీ ముందుకొస్తుంది.

భద్రపరచడం గురించి మాత్రం ఎవరూ గట్టిగా మాట్లాడరు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు పల్లెల్లో తీసిన లెక్కలేనన్ని వీడియోలు రాత్రికి రాత్రే అందకుండా పోయాయి, తీసినవాళ్ళ దగ్గర కాపీలు లేవు. అంతకుముందు తరంవాళ్ళు టేపుల మీద తీసినవి చూడాలంటే ఆ టేపులు ఆడించే యంత్రాలే దొరకడం కష్టమైంది. శిక్షణ బడ్జెట్లో కెమెరాకి, ప్రయాణాలకి, భోజనాలకి పద్దులుంటాయి. హార్డ్ డిస్కు కొని పంచాయతీ ఆఫీసులోనో సంఘం గదిలోనో పెట్టి, ఏడాదికోసారి ఇంకో డిస్కులోకి మార్చుకోవడానికి పద్దు ఉండదు. యూట్యూబ్ చానెల్ కూడా మామూలుగా ప్రాజెక్టు కోఆర్డినేటర్ జీమెయిల్ మీదే తెరుస్తారు. ప్రాజెక్టు అయిపోతుంది, కోఆర్డినేటర్ వేరే ఉద్యోగానికి వెళ్ళిపోతాడు, పాస్‌వర్డ్ కూడా అతనితోనే వెళ్ళిపోతుంది.